సరుకు పాతదే, పద్ధతి మీద నోటీసు వచ్చింది

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా. చాలా ఏళ్ళుగా చెన్నైలోనే ఉంటున్నాం. గుమ్మిడిపూండి సిప్కాట్ పారిశ్రామికవాడలో చిన్న కెమికల్ యూనిట్ నడుపుతున్నాను. రంగుల కంపెనీలకు వెళ్ళే ఒక అమీన్ రసాయనం 2011 నుంచి చేస్తున్నాం. మొదట్లో ఇనుప పొడితో చేసేవాళ్ళం, 2017లో హైడ్రోజనేషన్‌కి (హైడ్రోజన్ వాయువుతో చేసే పద్ధతి) మారాం. పోయిన వారం ఒక పెద్ద కంపెనీ నుంచి లాయర్ నోటీసు వచ్చింది. వాళ్ళ ప్రాసెస్ పేటెంట్‌ను (2014లో దరఖాస్తు, 2021లో మంజూరు) మేం కాపీ కొట్టామట, వాళ్ళ రహస్య సమాచారం కూడా వాడుకున్నామట. పదిహేను రోజుల్లో తయారీ ఆపేసి, జత చేసిన హామీ పత్రం మీద సంతకం పెట్టి పంపాలట. లేకపోతే కోర్టుకు వెళ్తారట. మా ప్రొడక్షన్ మేనేజర్ ‘వాళ్ళది పల్లాడియం క్యాటలిస్ట్ (రసాయన చర్యను వేగంగా నడిపేది), మిథనాల్ సాల్వెంట్ (ద్రావకం). మనది రేనీ నికెల్, ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్). టెంపరేచర్ కూడా వేరే. భయం లేదు సార్’ అంటున్నాడు. అతను 2016 దాకా ఆ కంపెనీలోనే పనిచేశాడు. యూనిట్ లోనుకు మా మామగారి ఇల్లు బ్యాంకులో ఉంది. ఆయనేమో ‘సంతకం పెట్టేసి, రాత్రికి రాత్రి పద్ధతి మార్చేయ్, ఆ మేనేజర్‌ని పంపించేయ్’ అంటున్నారు. మా ముఖ్యమైన కస్టమర్ కూడా ఫోన్ చేసి అడిగాడు. రెండో ఆటోక్లేవ్‌కి (ఒత్తిడి తట్టుకునే రియాక్టర్) అడ్వాన్స్ ఇవ్వాల్సిన టైమిది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?
– పేరు వద్దన్న పాఠకుడు, చెన్నై

సమాధానం:

సంతకం పెట్టకండి. మిగతావన్నీ ఆ తర్వాత మాట్లాడుకుందాం.

ఇలాంటి హామీ పత్రాలు మామూలుగా ఎలా ఉంటాయో చెబుతాను, మీ దగ్గరున్నది పక్కన పెట్టుకుని చూడండి. ‘మీ పేటెంట్ చెల్లుతుందని ఒప్పుకుంటున్నాం, ఇప్పటిదాకా దాన్ని ఉల్లంఘించాం, ఇకమీదట ఈ సరుకు చేయం, అమ్మం’ అన్న ధోరణిలో ఉంటుంది. ఆ చివరి ముక్కలో ‘ఈ పద్ధతిలో’ అన్న మాట ఉందో లేదో వెతకండి. లేదంటే మీరు వదులుకుంటున్నది మొత్తం సరుకునే. మీ పాత ఇనుప పొడి పద్ధతికి వెనక్కి వెళ్ళే దారి కూడా మూసుకుపోతుంది. పైగా ఉల్లంఘించామని ఒకసారి రాసిచ్చాక, నష్టపరిహారం అడగడానికి వాళ్ళు వేరే సాక్ష్యం వెతుక్కోనక్కర్లేదు. మామగారు ఇల్లు పోతుందేమోనన్న భయంతో ఆ మాట అన్నారు, అందులో తప్పు లేదు. కానీ ఆ ఇంటికి అసలు ప్రమాదం ఆ కాగితంతోనే. కావాలంటే ఇది ఆయనకు చూపించండి.

ఇప్పుడు పేటెంట్ సంగతి. మీ ఉత్తరం చదివితే, వాళ్ళ హక్కు దేనిమీద ఉందో ఇంట్లో ఎవరికీ సరిగ్గా అర్థం కాలేదనిపించింది. వాళ్ళకున్నది ప్రాసెస్ పేటెంట్. అమీన్ మీద వాళ్ళకే హక్కూ లేదు. ఊరు అందరిదీ, ఆ ఊరికి వెళ్ళే ఒక్క దారి మాత్రం వాళ్ళది. మన పేటెంట్ చట్టం 1970లో వచ్చినప్పుడు మందులకు, ఆహారానికి, రసాయన పదార్థాలకు పద్ధతి మీద తప్ప పదార్థం మీద పేటెంటే ఇచ్చేది కాదు. 2005 జనవరి 1 నుంచి పదార్థం మీద కూడా ఇస్తున్నారు, అయితే అది కొత్త పదార్థమై ఉండాలి. మీరు 2011 నుంచి అమ్ముతున్న అమీన్‌ను 2014లో ఎవరూ కొత్తగా కనిపెట్టలేరు కదా.

అలాగని ప్రాసెస్ పేటెంట్‌ను తక్కువగా చూడకండి. సెక్షన్ 48 ప్రకారం ఆ పద్ధతిని వాడకుండా మిమ్మల్ని ఆపొచ్చు, ఆ పద్ధతిలో నేరుగా వచ్చిన సరుకు అమ్మకుండా, వాడకుండా కూడా ఆపొచ్చు. అంటే మీ కస్టమర్ ఫోన్ చేయడం ఊరికే కంగారుపడి కాదు. అతనికీ సెగ తగిలే అవకాశం ఉంది.

‘2011 నుంచి చేస్తున్నాం’ అన్న మాట మీద మీరు చాలా ఆశ పెట్టుకున్నట్టున్నారు. మొహమాటం లేకుండా చెబుతాను. పేటెంట్ హైడ్రోజనేషన్ పద్ధతి మీద ఉంటే, ఇనుప పొడితో చేసిన మీ 2011 బ్యాచ్‌లు దాన్ని కొట్టేయలేవు. ఇనుము, ఆమ్లంతో నైట్రో పదార్థాన్ని (అమీన్‌కు ముడిసరుకు) అమీన్‌గా మార్చడం 1854లో బెషాంప్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త చూపించిన పాత పద్ధతి. అది మీరు చేశారని ఎంత నిరూపించినా, వాళ్ళు ‘అది మా పద్ధతి కాదుగా’ అంటారు. 2017లో హైడ్రోజనేషన్‌కి వచ్చేసరికి వాళ్ళ దరఖాస్తుకు మూడేళ్ళు నిండాయి.

పాత కాగితాల్లో పనికొచ్చేవి వేరే ఉన్నాయి. 2014కు ముందు మీ ల్యాబులోగానీ బయట ఎక్కడైనాగానీ హైడ్రోజనేషన్ ట్రయల్స్ ఏమైనా చేయించారా? దాని మీద ఏ క్యాటలిస్ట్ సప్లయర్‌తోనైనా ఉత్తరాలు నడిచాయా? ఇంకొకటి ఉంది, దీన్ని చాలామంది లాయర్లు కూడా ఆలస్యంగా గుర్తుచేసుకుంటారు. ఆ పద్ధతిలో విదేశంలో చేసిన సరుకు, పేటెంట్ దరఖాస్తు తేదీకి ముందే మన దేశంలోకి దిగుమతి అయి ఉంటే, పేటెంట్ రద్దు కోరే దగ్గర ఆ పద్ధతి అప్పటికే ఇక్కడ తెలిసినట్టే లెక్క అని సెక్షన్ 64లో ఉంది. శాంపిల్‌గా తెప్పించుకున్నది లెక్కలోకి రాదు, వ్యాపారంగా వచ్చి ఉండాలి. ప్యారిస్ కార్నర్ వైపు పాత కెమికల్ ట్రేడర్లను కదిలించండి. 2014కు ముందు చైనా నుంచి ఈ అమీన్ తెప్పించిన వాళ్ళెవరైనా ఉంటే వాళ్ళ బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి పత్రం), ఆ డ్రమ్ముల సర్టిఫికెట్ ఆఫ్ అనాలిసిస్ మీకు బంగారంతో సమానం. అవి ఏ పద్ధతిలో చేసినవో తేల్చడం కష్టమే. అందుకే ఇప్పుడే మొదలుపెట్టాలి.

అసలు వాదం ఎలా సాగుతుందంటే: మీరిప్పుడు చేస్తున్నది పాత పుస్తకాల్లో ఉన్నదే అయితే, రెండిట్లో ఒకటే నిజం కావాలి. అది వాళ్ళ పేటెంట్ పరిధిలోకి రాదు. లేదా, వస్తే గనక ఆ పేటెంట్ పాతదాన్నే పట్టుకున్నట్టవుతుంది కాబట్టి చెల్లదు. 1913లో ఇంగ్లండులో జిల్లెట్ రేజర్ల కేసులో లార్డ్ మౌల్టన్ ఈ వాదాన్ని తేటగా చెప్పారు, అప్పటినుంచి దీనికి జిల్లెట్ డిఫెన్స్ అనే పేరు నిలిచిపోయింది. పేటెంట్ మంజూరైంది కాబట్టి చెల్లి తీరుతుందన్న గ్యారంటీ మన చట్టంలో లేదు. సుప్రీంకోర్టు 1978 డిసెంబరులో బిశ్వనాథ్ ప్రసాద్ కేసులో ఇది స్పష్టంగానే చెప్పింది.

ఇక మీ మేనేజర్ మాట. క్యాటలిస్ట్ వేరు, సాల్వెంట్ వేరు, టెంపరేచర్ వేరు, కాబట్టి భయం లేదంటున్నాడు. అతను కెమిస్ట్‌లా ఆలోచిస్తున్నాడు. కోర్టు ముందుగా క్లెయిమ్‌ను చదువుతుంది. పేటెంట్ చివర నంబర్లేసి రాసిన వాక్యాలే క్లెయిములు, హక్కు హద్దులన్నీ అక్కడే ఉంటాయి. పై పేజీల్లో ఉదాహరణలుగా రాసిన పల్లాడియం, మిథనాల్ చూసి మీ మేనేజర్ ఆ మాట అన్నాడేమోనని నా అనుమానం. మొదటి క్లెయిములో ‘పల్లాడియం’ అని ఉందా, ‘హైడ్రోజనేషన్ క్యాటలిస్ట్’ అని ఉందా? రెండోదే ఉంటే రేనీ నికెల్ అందులో ఉన్నట్టే. ‘మిథనాల్’ అని ఉందా, ‘ఆల్కహాల్ సాల్వెంట్’ అని ఉందా? ఆల్కహాల్ అంటే ఐపీఏ కూడా అందులోదే.

క్లెయిములో పల్లాడియం అనే రాసి ఉన్నా కథ అయిపోదు. పని ఒకటే, చేసే తీరు ఒకటే, ఫలితం ఒకటే అయితే, చిన్న మార్పు చేసినంత మాత్రాన తప్పించుకోలేరన్న సిద్ధాంతం ఒకటి ఉంది. దాన్ని ఈక్వివలెంట్స్ అంటారు. ఈ విషయంలో మన తెలుగువాళ్ళకు దగ్గరి ఉదాహరణ కొరాజెన్ పురుగుమందు. అందులోని క్లోరాంట్రానిలిప్రోల్ మీద ఎఫ్ఎంసీ కంపెనీ పదార్థ పేటెంట్ 2022 ఆగస్టులో అయిపోయింది. అయినా దాన్ని తయారుచేసే పద్ధతి మీద వాళ్ళకు ఇంకో పేటెంట్ ఉండేది, దాన్ని పట్టుకుని హైదరాబాద్ కంపెనీ నాట్కో మీద కోర్టుకెళ్ళారు. పేటెంట్ పద్ధతిలో సల్ఫోనిల్ క్లోరైడ్ వాడాలి. నాట్కో వాడింది థయోనిల్ క్లోరైడ్. రెండూ చేసే పని ఒకటేనన్నది ఎఫ్ఎంసీ వాదన. అదే ఏడాది డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచ్ ఆ వాదనకు ఒప్పుకోలేదు, మధ్యంతర ఇంజంక్షన్ (తయారీ ఆపమనే కోర్టు ఉత్తర్వు) ఇవ్వలేదు. క్లెయిములో ముఖ్యమైన రియేజెంటే (చర్యలో కలిపే రసాయనం) మారిపోయాక, చివరికి వచ్చిన సరుకు ఒకటేనన్న మాటతో పని జరగదు.

ఈ తీర్పు చూసి మీ మేనేజర్ ఎగిరి గంతేస్తాడేమో. ఆగమనండి. నాట్కో కేసులో ఆ రియేజెంట్ పేటెంట్‌కు గుండెకాయ. మీ కేసులో క్యాటలిస్ట్ గుండెకాయ అయ్యే అవకాశం నాకు కనిపించడం లేదు. నైట్రోను హైడ్రోజన్‌తో అమీన్‌గా మార్చడం కాలేజీ పుస్తకాల్లో ఉంది. రేనీ నికెల్‌కు ముర్రే రేనీ పేటెంట్ తీసుకున్నదే 1920ల్లో. ఆ ముక్క మీదే 2014లో ఎవరికైనా పేటెంట్ ఇచ్చి ఉంటే అది నిలబడటం కష్టం. కాబట్టి కొత్తదనం ఇంకెక్కడో ఉండాలి. నా అంచనా, క్రిస్టలైజేషన్ (సరుకును స్ఫటికాలుగా బయటికి తీయడం) దగ్గర. ఈ రకం అమీన్లలో రంగు తెచ్చే మలినాలను తీసేయడమే పెద్ద తలనొప్పి కాబట్టి, ఫలానా పీహెచ్‌లో, ఫలానా వేడిలో బయటికి తీస్తే సరుకు తెల్లగా వస్తుందని వాళ్ళు రాసి ఉంటారు. మీరు ఉత్తరంలో క్యాటలిస్ట్ రాశారు, సాల్వెంట్ రాశారు, టెంపరేచర్ రాశారు. క్రిస్టలైజేషన్ ఎలా చేస్తారో ఒక్క ముక్క లేదు. గొడవ అక్కడే ఉంటే మిగతా తేడాలేవీ మిమ్మల్ని కాపాడవు. ఈ రాత్రే క్లెయిమ్ తీసి చూడండి.

అక్కడ అంకెలుంటే, ఆ అంకెలు ఎలా వచ్చాయన్నది చాలా ముఖ్యం. అమెరికాలో హిల్టన్ డేవిస్ అనే రంగుల కంపెనీకి ఆహారపు రంగులను శుద్ధి చేసే ఫిల్ట్రేషన్ పద్ధతి మీద పేటెంట్ ఉండేది. క్లెయిములో పీహెచ్ సుమారు 6 నుంచి 9 అని ఉంది. వార్నర్ జెన్‌కిన్సన్ అనే ఇంకో కంపెనీ పీహెచ్ 5 దగ్గర నడిపింది. హద్దు బయటే కదా అంటే, అంత తేలిగ్గా తేలలేదు. 1997లో అక్కడి సుప్రీంకోర్టు దాకా పోయింది. కోర్టు అడిగిన ప్రశ్న ఇది: దరఖాస్తు పరిశీలనలో ఉండగా ఈ హద్దులను మీరెందుకు చేర్చారు? 9 అన్న పై హద్దు, అంతకు ముందే ఉన్న ఒక పేటెంట్‌ను తప్పించుకోవడానికి పెట్టింది. మరి 6 అన్న కింది హద్దు ఎందుకు పెట్టారో ఫైలులో కారణం లేదు. పేటెంట్ ఇప్పించుకోవడానికి కుదించుకున్న హద్దును, తర్వాత ఎదుటివాడి మీద పడేటప్పుడు మళ్ళీ సాగదీయకూడదన్నది అందులోని నీతి.

మన దగ్గర కూడా ఆ ఫైలు చూడొచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు. పేటెంట్ ఆఫీసు వారి ఇన్‌పాస్ అనే వెతుకుడు పేజీలో పేటెంట్ నంబరు కొడితే క్లెయిములు, పరిశీలకుడు వేసిన అభ్యంతరాలు, వాటికి కంపెనీ ఇచ్చిన జవాబులు అన్నీ దొరుకుతాయి. 2014 నుంచి 2021 దాకా ఏడేళ్ళు ఫైలు నడిచిందంటే మధ్యలో క్లెయిములు కుదించే ఉంటారు. ‘మా పద్ధతిలో పల్లాడియం వాడటమే ప్రత్యేకత, రేనీ నికెల్‌తో ఈ ఫలితం రాదు’ అని ఎక్కడో ఒక జవాబులో వాళ్ళే రాసి ఉంటే, మీ కేసు సగం గెలిచినట్టే. పనిలో పనిగా ఏటా కట్టాల్సిన ఫీజు కడుతున్నారో లేదో కూడా చూడండి. కట్టక చచ్చిపోయిన పేటెంట్లను పట్టుకుని నోటీసులిచ్చే వాళ్ళూ లేకపోలేదు.

‘నా ప్లాంటులో ఏం జరుగుతుందో వాళ్ళకెలా తెలుసు’ అన్న ప్రశ్న మీకు వచ్చే ఉంటుంది. ఊహిస్తున్నారు, కొంత తెలుసుకుంటున్నారు. మీ సరుకు మార్కెట్‌లో కొని హెచ్‌పీఎల్‌సీ, జీసీ పరీక్షలు చేయిస్తే మిగిలిపోయిన సాల్వెంట్, నికెల్ జాడలు, మలినాల వరుస బయటపడతాయి. ఇంకో దారి కూడా ఉంది, దీని గురించి చిన్న యూనిట్ల వాళ్ళెవరూ ఆలోచించరు. పర్యావరణ అనుమతి కోసం, కాలుష్య నియంత్రణ మండలి కన్సెంట్ కోసం మీరిచ్చిన రిపోర్టులు. వాటిలో రియాక్షన్ స్కీము, మెటీరియల్ బ్యాలెన్స్ వివరంగా ఉంటాయి, పర్యావరణ అనుమతి కాగితాలైతే పరివేష్ పోర్టల్లో ఎవరైనా తీసుకోవచ్చు. వాటిని రాసేది కన్సల్టెంట్లు. ప్రాసెస్ వివరాలు ఎక్కడెక్కడి నుంచో, ఒక్కోసారి పేటెంట్లలోంచే ఎత్తి అతికిస్తారు. మీ పేరు మీద వెళ్ళిన రిపోర్టులో వాళ్ళ పేటెంట్‌లోని వాక్యమే ఉంటే, కోర్టులో దాన్ని ఎంత కడిగినా పోదు. ఇంకా 2017లో మారినప్పుడు కన్సెంట్‌లో కూడా మార్చారా? అక్కడ ఇప్పటికీ ఇనుప పొడి, ఐరన్ స్లడ్జ్ అనే ఉంటే, అది వేరే తలనొప్పి. దాన్ని వాళ్ళ లాయరు ఎత్తి చూపేలోపు మీరే సరిచేసుకోండి.

కోర్టుకు వెళ్తే నిరూపించాల్సింది ఎవరు? మామూలుగా వాళ్ళే. అయితే ప్రాసెస్ పేటెంట్లకు సెక్షన్ 104ఏ అని ఒక మెలిక ఉంది. పేటెంట్ పద్ధతితో వచ్చేది కొత్త సరుకైతే, ‘నీ పద్ధతి వేరని నువ్వే నిరూపించు’ అని కోర్టు మిమ్మల్ని అడగొచ్చు. మీ 2011 నాటి ఇన్వాయిస్‌లు పనికొచ్చేది ఇక్కడ. సరుకు కొత్తది కాదని అవి చెబుతాయి. కొత్తది కాకపోయినా, మీరు వాళ్ళ పద్ధతే వాడుతుండటానికి బలమైన అవకాశం ఉందనీ, తగిన ప్రయత్నం చేసినా మీ పద్ధతేమిటో తెలుసుకోలేకపోయామనీ వాళ్ళు చూపితే, అప్పుడు కూడా బరువు మీ మీదకు రావొచ్చు. రెండు సరుకులూ ఒకటేనని మాత్రం ముందు వాళ్ళే తేల్చాలి. వ్యాపార రహస్యాలు బయటపెట్టమని కోర్టు అన్యాయంగా బలవంతం చేయకూడదని అదే సెక్షన్‌లో ఉంది. అడ్వొకేట్ కమిషనర్‌ను పంపి శాంపిళ్ళు తీయించడం, బ్యాచ్ షీట్లు చూడటం జరగొచ్చు. కాబట్టి ఈ క్షణం నుంచి పాత బ్యాచ్ షీట్లు, లాగ్‌బుక్కులు, ల్యాబ్ నోట్‌బుక్కులు ఎవ్వరూ ముట్టుకోకూడదు. దిద్దడం, శుభ్రంగా తిరగరాయడం, చించడం ఏదీ వద్దు. ఓడిపోయే కేసులో కూడా రాజీ కుదురుతుంది. దిద్దిన లాగ్‌బుక్ బయటపడితే మీ మాట ఇక ఎవరూ నమ్మరు.

ఇప్పుడు మీరు ఒక్క వాక్యంలో రాసి దాటేసిన సంగతికి వద్దాం. మేనేజర్ 2016 దాకా వాళ్ళ దగ్గర పనిచేశాడు. మీరు 2017లో హైడ్రోజనేషన్‌కి మారారు. ఈ రెండు తేదీలూ పక్కపక్కన పెడితే ఏ జడ్జికైనా ఏమనిపిస్తుందో మీకూ తెలుసు. నోటీసులో ‘రహస్య సమాచారం’ అన్న మాట ఊరికే రాయలేదు. నా దృష్టిలో పేటెంట్ కంటే మీకు ఎక్కువ భయం ఉండాల్సింది ఇక్కడే. పేటెంట్ మీద పోరాడటానికి క్లెయిములు, పాత పుస్తకాలు, దిగుమతి కాగితాలు ఉన్నాయి. ఒక మనిషి పెన్‌డ్రైవ్‌లో ఏం తెచ్చాడన్న దాని మీద పోరాడటానికి మీ దగ్గర ఏముంది?

పేటెంట్ లేని పద్ధతికి కూడా ఇలాంటి రక్షణ ఉంటుందని తెలియక చాలామంది దెబ్బతింటారు. 1969లో టెక్సస్‌లో డ్యూపాంట్ కంపెనీ మిథనాల్ ప్లాంటు కడుతోంది. పైకప్పు ఇంకా పడలేదు. ఎవరో పురమాయిస్తే ఇద్దరు ఫోటోగ్రాఫర్లు విమానంలో పైన తిరుగుతూ ఫోటోలు తీశారు. ఆకాశంలోంచి తీసుకున్నాం, గోడ దూకలేదు కదా అన్నది వాళ్ళ వాదన. 1970లో కోర్టు ఒప్పుకోలేదు. మన దేశంలో వ్యాపార రహస్యాలకు ప్రత్యేక చట్టం లేకపోయినా, ఉద్యోగ ఒప్పందాన్ని, నమ్మకద్రోహం సూత్రాన్ని పట్టుకుని కోర్టులు ఉత్తర్వులు ఇస్తూనే ఉన్నాయి.

మీకు అనుకూలమైనవి కూడా రెండు ఉన్నాయి. ఉద్యోగం మానేశాక పోటీ కంపెనీలో చేరకూడదన్న షరతు కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 27 కింద చెల్లదు. అతను మీ దగ్గర చేరడం తప్పు కాదు, తన బుర్రలో ఉన్న అనుభవం వాడటమూ తప్పు కాదు. రెండోది, పేటెంట్‌లో అచ్చయిందేదీ రహస్యం కాదు. అందరూ చదవడానికే పేటెంట్ ప్రచురిస్తారు. కాబట్టి ఒకే విషయాన్ని చూపించి ‘ఇది మా పేటెంట్, ఇది మా రహస్యం’ అని రెండూ అనలేరు. పేటెంట్‌లో రాయనివి, అంటే క్యాటలిస్ట్‌ను ఎన్నిసార్లు తిరిగి వాడొచ్చు, ఏ ఫిల్టర్ క్లాత్, ఏ వరుసలో కడగాలి, ఇలాంటివాటి మీదే రహస్యం అనే వాదన నిలుస్తుంది.

కాబట్టి మేనేజర్‌ను కూర్చోబెట్టి, లాయర్ ఎదురుగా, అరవకుండా అడగండి. అక్కడి నుంచి కాగితాలు, ఫైళ్ళు, ఈమెయిళ్ళు ఏమైనా తెచ్చాడా? మీ ల్యాబులో 2016–17లో ఎన్ని ట్రయల్స్ జరిగాయి, వాటి నోట్‌బుక్కులు ఎక్కడ? ఫెయిలైన ట్రయల్స్ చాలా విలువైనవి. కాపీ కొట్టినవాడికి ఫెయిలైన బ్యాచ్‌లు పెద్దగా ఉండవు, సొంతంగా తంటాలు పడ్డవాడికే ఉంటాయి. మామగారు చెప్పినట్టు అతన్ని పంపించేస్తే ఈ కథ కోర్టులో చెప్పడానికి మీకున్న ఏకైక సాక్షిని పోగొట్టుకుంటారు. కోపంతో బయటికెళ్ళిన మనిషి ఎవరి తరఫున మాట్లాడతాడో చెప్పలేం. ఏదో తెచ్చాడని తేలితే మాత్రం ఆ సంగతి వేరు, అప్పుడు లాయర్ చెప్పినట్టు నడుచుకోండి.

రాత్రికి రాత్రి పద్ధతి మార్చడం గురించి గట్టిగా చెబుతున్నాను, వద్దు. కోర్టు గొడవ కన్నా ముందు ఇది ప్రాణాల సంగతి. నైట్రో హైడ్రోజనేషన్‌లో మోల్‌కు సుమారు 500 కిలోజౌళ్ళ వేడి వస్తుంది. క్యాటలిస్ట్ మార్చినా, సాల్వెంట్ మార్చినా మధ్యలో హైడ్రాక్సిలమీన్ అనే ప్రమాదకరమైన పదార్థం పేరుకుపోయే తీరు మారుతుంది. ల్యాబులో వేడి కొలవకుండా, హజోప్ (ప్రమాదాల ముందస్తు విశ్లేషణ) చేయకుండా ప్లాంటు స్కేల్లో ప్రయోగాలు చేస్తే ఆటోక్లేవ్ మిగలకపోవచ్చు. మార్చాలనుకుంటే ల్యాబులో మొదలుపెట్టండి. ఆ ట్రయల్స్ తేదీలతో రాసి పెట్టుకోండి, రేపు రాజీ మాటల్లో మీకు బలం అవి.

ఈ పదిహేను రోజుల్లో చేయాల్సినవి. కెమిస్ట్రీ చదివిన పేటెంట్ ఏజెంట్ ఒకరు, పేటెంట్ కేసులు వాదించిన లాయర్ ఒకరు, ఇద్దరూ కావాలి. ఏజెంట్ కోర్టులో వాదించలేడు, లాయర్‌కు క్రిస్టలైజేషన్ తెలియకపోవచ్చు. గిండీలో పేటెంట్ ఆఫీసు ఉన్న ఊరు కాబట్టి చెన్నైలో ఇద్దరికీ కొదవ లేదు. మద్రాసు హైకోర్టులో 2023 నుంచి మేధోసంపత్తి కేసులకు ప్రత్యేక విభాగం కూడా ఉంది. మీకు చెప్పకుండా ఏకపక్షంగా ఇంజంక్షన్ తెచ్చుకోకుండా వెంటనే కేవియట్ వేయించండి. తొంభై రోజులు పనిచేస్తుంది. ఇలాంటి కంపెనీలు ఢిల్లీలో కేసు వేయడానికి ఇష్టపడతాయి కాబట్టి అక్కడ కూడా వేయాలేమో లాయర్‌ను అడగండి. కేవియట్ కాపీ వాళ్ళకు వెళ్తుంది, వెళ్ళనివ్వండి.

నోటీసుకు జవాబు గడువులోపు ఇవ్వండి, చిన్నదిగా ఇవ్వండి. ఏ క్లెయిమ్ ఉల్లంఘన జరిగిందో, ఏ శాంపిల్‌ను ఎవరు పరీక్షించారో, ఏ రహస్య సమాచారమో వివరాలు అడగండి. ఆరోపణలు ఒప్పుకోవడం లేదని రాయండి. అంతే. ‘మేం రేనీ నికెల్ వాడతాం, ఐపీఏ వాడతాం’ అని మొదటి జవాబులోనే మీ పద్ధతి అప్పజెప్పకండి. మేనేజర్‌కు ఈ ఆత్రం ఉంటుంది, ఆపండి. నోటీసు అందిన తేదీ రాసిపెట్టుకోండి. అంతకు ముందు పేటెంట్ సంగతి తెలియదని, తెలియాల్సిన కారణమూ లేదని నిరూపిస్తే సెక్షన్ 111 కింద నష్టపరిహారం నుంచి రక్షణ ఉంటుంది. మేనేజర్ పాత ఉద్యోగం వల్ల మీకది కష్టమే. నోటీసు తర్వాత అమ్మిన సరుకుకు ఆ మాటే చెల్లదు.

సెక్షన్ 105 కింద మీరే ముందుగా కోర్టుకెళ్ళి ‘మాది ఉల్లంఘన కాదు’ అని ప్రకటన తెచ్చుకోవచ్చని ఎవరైనా సలహా ఇస్తారు. దారి మంచిదే, మీకు మాత్రం కుదరదనుకుంటాను. ముందు మీ పద్ధతి పూర్తి వివరాలు వాళ్ళకు రాసివ్వాలి, ఖర్చులు మామూలుగా మీ మీదే పడతాయి, పేటెంట్ చెల్లదన్న వాదన అందులో చేయలేరు. మీ బలమంతా ఆ వాదనలోనే ఉంది. మంజూరు తర్వాత అభ్యంతరం వేయడానికి ఉన్న ఏడాది గడువు ఎప్పుడో దాటింది కాబట్టి, రద్దు కోరాలంటే హైకోర్టులో పిటిషన్ వేయాలి, లేదా వాళ్ళు కేసు వేశాక అందులో కౌంటర్ క్లెయిమ్ (ఎదురు దావా) వేయాలి. నేనైతే రెండోదానికి సిద్ధంగా ఉంటాను.

కస్టమర్‌తో అబద్ధం చెప్పకండి, అన్నీ కూడా చెప్పకండి. నోటీసు వచ్చింది, లాయర్ చూస్తున్నాడు, సప్లై ఆగదని అనుకుంటున్నాం, ఆగేలా ఉంటే ముందే చెబుతాం అనండి. అతను ఇండెమ్నిటీ (తనకు నష్టం వస్తే మీరు భరిస్తారన్న హామీ) అడిగితే ఒక పరిమితి పెట్టి ఇవ్వండి. హద్దు లేకుండా రాసిస్తే మళ్ళీ మామగారి ఇంటి దగ్గరకే వస్తుంది. వాళ్ళు మీ కస్టమర్లకు నేరుగా బెదిరింపు ఉత్తరాలు రాశారేమో కనుక్కోండి. ఆధారం లేని బెదిరింపులకు సెక్షన్ 106 కింద మీరు కేసు వేయొచ్చు. ఫలానా పేటెంట్ ఉందని తెలియజేయడం మాత్రం బెదిరింపు కిందకు రాదు.

లైసెన్స్ తీసుకోవడం ఓటమి అనుకోకండి. 1869లో అలిజరిన్ రంగు తయారీకి జర్మనీవాళ్ళు లండన్‌లో జూన్ 25న దరఖాస్తు పెట్టారు, ఇంగ్లండు శాస్త్రవేత్త పెర్కిన్ 26న పెట్టాడు. ఒక్క రోజు తేడా. కొట్టుకుని ఇద్దరూ మునిగేలోపు మార్కెట్‌ను పంచుకున్నారు, పెర్కిన్ ఇంగ్లండులో అమ్ముకుని బాగా సంపాదించాడు. క్రిస్టలైజేషన్ దగ్గర మీరు నిజంగా వాళ్ళ క్లెయిములో ఉన్నారని తేలితే, పేటెంట్‌ను కొట్టగలిగే కాగితాలు చేతిలో పెట్టుకుని రాయల్టీ మాట్లాడుకోవడం తెలివైన పని. ఆ పేటెంట్ 2034లో ఎలాగూ అయిపోతుంది. అర్జంటుగా ఇంజంక్షన్ అడగని వాణిజ్య కేసుల్లో, దావా వేసే ముందే మధ్యవర్తిత్వానికి వెళ్ళడం తప్పనిసరి కూడా.

రెండో ఆటోక్లేవ్ గురించి అడిగారు. పాత్ర మీద పేటెంట్ లేదు, ఏ హైడ్రోజనేషన్‌కైనా పనికొస్తుంది కాబట్టి ఆర్డర్ రద్దు చేసుకోనక్కర్లేదు. కానీ నోటీసు అందాక ఈ అమీన్ కెపాసిటీ పెంచారని ఇంజంక్షన్ వాదనలో వాళ్ళు ఎత్తుకుంటారు. వెండర్‌తో మాట్లాడి డెలివరీ వెనక్కి జరపమనండి. అడ్వాన్స్ మొత్తం ఇప్పుడే కాకుండా డ్రాయింగ్ అప్రూవల్ దాకా అయ్యేంత ఇవ్వండి. ఇంకో సరుకుకు కూడా వాడుకునేలా డిజైన్ ప్రెజర్ కాస్త ఎక్కువ పెట్టించండి. పర్చేజ్ ఆర్డర్ మీద ఈ అమీన్ పేరు రాయకండి.